నల్లమల సాలీళ్లు: పేరూ ఊరూ

కృష్ణా, పెన్నా నదుల నడుమ ఉత్తర దక్షిణాలుగా సాగే నల్లమల కొండలు తూర్పు కనుమలలో భాగం. ఇక్కడి అడవుల నుంచి లోకానికి పరిచయమైన సాలీళ్లలో మూడింటి పేర్లు ముఖ్యంగా చెప్పుకోవాలి. మొదటిది 1899లో గుత్తిలో దొరికిన ఒకే ఒక్క నమూనాతో పేరు పొంది, 2001లో నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవిలో మళ్లీ కనిపించిన నీలి సాలీడు పోసిలోథేరియా మెటాలికా. మిగతా రెండూ 2006లో ఒకే పరిశోధన పత్రంలో వర్ణించినవి: పోసిలోథేరియా నల్లమలైఎన్సిస్, ట్మారస్ శ్రీశైలమెన్సిస్. మొదటి రెండూ చెట్టు తొర్రల్లో ఉండే పెద్ద సాలీళ్లు, మూడోది పుల్లకు కరుచుకుని కూర్చునే చిన్న పీత సాలీడు.

కొత్త మనిషి ఎదురైతే మన పల్లెల్లో మొదట అడిగేవి రెండే: పేరేంటి, ఏ ఊరు? జీవశాస్త్రం కూడా కొత్త జాతిని ఈ రెండు ప్రశ్నలే అడుగుతుంది. పేరు తెలిసి ఊరు తప్పితే ఏమవుతుందో నల్లమల నీలి సాలీడు చరిత్ర చెబుతుంది. ఒక అడవి సాలీడును కొత్త జాతిగా ఎలా తేలుస్తారో, గిద్దలూరు, మార్కాపురం, కనిగిరి ప్రాంతాలకు ఈ శాస్త్రంతో ఉన్న సంబంధమేమిటో ఈ వ్యాసం వివరిస్తుంది.

పేరు, వర్గం

తెలుగులో సాలెవాడు అంటే నేతగాడు. దారం తీసి గూడు నేస్తుంది కాబట్టి దీన్ని సాలెపురుగు, సాలీడు అన్నారు. శ్రీకాళహస్తి క్షేత్రం పేరులోని మూడు మాటలకూ మూడు ప్రాణులను చెబుతారు: శ్రీ అంటే సాలీడు, కాళ అంటే పాము, హస్తి అంటే ఏనుగు. శివుడికి తన దారాలతోనే గుడి కట్టిన భక్తురాలిగా సాలీడు మన స్థలపురాణాల్లో నిలిచిపోయింది.

వాడుకలో పురుగు అన్నా, శాస్త్రరీత్యా సాలీడు కీటకం కాదు. కీటకానికి ఆరు కాళ్లు, సాలీడుకు ఎనిమిది. కీటకం ఒళ్లు తల, రొమ్ము, పొట్ట అని మూడు భాగాలైతే, సాలీడుకు తలా రొమ్మూ కలిసిపోయి రెండే భాగాలుంటాయి. దానికి మీసాలు ఉండవు, రెక్కలు ఉండవు. తేలు, పశువుల ఒంటి మీది పిడుదు, ఆరుద్ర కార్తెలో తొలకరి తడికి ఎర్ర మఖమల్ గుండీల్లా నేల మీదికి వచ్చే ఆరుద్ర పురుగు దీని దాయాదులు. ఇవన్నీ అరాక్నిడా అనే తరగతికి చెందినవి. కనిగిరి వైపు రైతు ఆరుద్ర పురుగును చూసి వానలు కుదిరాయని సంతోషిస్తే, ఆ సంతోషం సాలీడు బంధువు తెచ్చిందే.

లోకంలోని సాలీళ్ల పేర్లన్నిటినీ ఒకచోట చేర్చే ప్రపంచ సాలీళ్ల సూచిక స్విట్జర్లాండ్‌లోని బెర్న్ ప్రకృతి చరిత్ర మ్యూజియంలో నడుస్తోంది. 2022 ఏప్రిల్‌లో అందులోని జాతుల సంఖ్య 50,000కు చేరింది. ఇంకా పేరు పెట్టనివి దాదాపు అన్నే ఉంటాయని ఆ సూచిక నిర్వాహకుల అంచనా. భారతదేశపు సాలీళ్ల మీద 2012లో వెలువడిన జాబితాలో 60 కుటుంబాలకు చెందిన 1,686 జాతులు ఉన్నాయి. ఆ తరువాత కూడా ఏటా కొత్తవి చేరుతూనే ఉన్నాయి.

శరీర నిర్మాణం

సాలీడు ముందు భాగంలో కళ్లు, కోరలున్న దవడలు, ఎనిమిది కాళ్లు ఉంటాయి. నోటికి రెండు పక్కలా పొట్టి కాళ్లలా కనిపించేవి స్పర్శాంగాలు. వెనక భాగమైన పొట్ట చివర దారం తీసే మొనలుంటాయి. ఎక్కువ జాతులకు ఎనిమిది కళ్లు. అవి ఏ వరుసలో, ఎంత దూరంలో అమరాయన్నది కుటుంబాన్ని గుర్తించడానికి మొదటి ఆనవాలు. మన ఇళ్ల గోడల మీద ఈగలను దూకి పట్టే ఈగపులికి ముందు రెండు కళ్లు పెద్ద దీపాల్లా ఉంటాయి. పీత సాలీడు కళ్లు చిన్న బుడిపెల మీద ఉంటాయి.

కోరల తీరును బట్టి సాలీళ్లను రెండు పెద్ద గుంపులు చేస్తారు. టరాంటులాల వంటి ప్రాచీన గుంపులో కోరలు రెండూ పక్కపక్కన, పైనుంచి కిందికి పొడిచేలా ఉంటాయి. మిగతా వాటికి కోరలు పట్టకారులా ఎదురెదురుగా కలుస్తాయి. నల్లమల నుంచి వర్ణించిన సాలీళ్లలో రెండు గుంపులవీ ఉన్నాయి. టరాంటులాలైన పోసిలోథేరియాలు మొదటి గుంపు, ట్మారస్ రెండో గుంపు.

కొత్త జాతి అని ఎలా తేలుస్తారు

అడవిలో ఎన్నడూ చూడని సాలీడు కనిపించినంత మాత్రాన అది కొత్త జాతి అయిపోదు. చూసినవాడికి కొత్త కావడం వేరు, శాస్త్రానికి కొత్త కావడం వేరు. ఈ తేడాను తేల్చడానికే వర్ణన అనే సుదీర్ఘమైన పని ఉంది.

మొదటి మెట్టు సేకరణ. పొద కింద తెల్లగుడ్డ పరిచి కొమ్మలను కర్రతో తట్టడం, రాలిన ఆకులను జల్లెడ పట్టడం, నేలలో గిన్నెలు పాతి వాటిలో పడేవాటిని తీసుకోవడం, రాత్రిపూట తలకు దీపం కట్టుకుని చెట్ల బెరడు వెతకడం ఇందులోని ముఖ్య పద్ధతులు. నేల మీద తిరిగే తోడేలు సాలీళ్ల కళ్లు దీపం వెలుగుకు మంచు బిందువుల్లా మెరుస్తాయి. అభయారణ్యంలో ఈ పని చేయాలంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అటవీ అధికారుల అనుమతి తప్పనిసరి. దొరికిన నమూనాను ఆల్కహాల్‌లో భద్రపరిచి, వెంట ఒక చీటీ ఉంచుతారు. ఏ ఊరి పొలిమేర, ఎంత ఎత్తు, ఏ తేదీ, ఏ చెట్టు, ఎవరు పట్టారు అన్నవి ఆ చీటీ మీద ఉండాలి. చీటీ లేని నమూనా ఊరు లేని మనిషి లాంటిది.

రెండో మెట్టు పరీక్ష. సాలీడు రంగు నమ్మదగిన ఆనవాలు కాదు. వయసుతో మారుతుంది, ఆల్కహాల్‌లో వెలిసిపోతుంది. అందుకే శాస్త్రవేత్తలు జననాంగాలను చూస్తారు. మగ సాలీడు తన స్పర్శాంగాల చివరి బుడిపెలతో వీర్యాన్ని ఆడదానికి అందిస్తుంది. ఎక్కువ సాలీళ్లలో ఆడదాని పొట్ట కింద దానికి తగిన గట్టి ఫలకం ఉంటుంది. ఈ రెండింటి ఆకారాలూ జాతి జాతికీ వేరుగా ఉంటాయి. ఇవి పూర్తిగా ఏర్పడేది చివరిసారి కుబుసం విడిచాకే. కాబట్టి పిల్ల సాలీడును బట్టి కొత్త జాతిని ప్రకటించడం చాలా అరుదు. సూక్ష్మదర్శిని కింద ప్రతి కాలి కణుపునూ మిల్లీమీటర్లలో కొలిచి, ముళ్ల వరుసలు లెక్కపెట్టి, బొమ్మలు గీస్తారు. ఇప్పుడు సీఓఐ అనే జన్యువు వరుసను పోల్చడం కూడా దీనికి తోడైంది.

మూడో మెట్టు పోలిక. ఆ ప్రజాతిలో ఇంతకుముందు పేరు పెట్టిన జాతులన్నిటి వర్ణనలూ చదవాలి, వీలైతే అసలు నమూనాలే చూడాలి. పాత నమూనాలు చాలావరకు లండన్, పారిస్ మ్యూజియంలలో ఉండటం మన పరిశోధకులకు పెద్ద అడ్డంకి. 1916లో కలకత్తాలో ఏర్పడిన భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థ మన దేశంలోనే నమూనాల భాండాగారాన్ని పెంచింది. ఆ సంస్థలో పనిచేసిన బి. కె. టికాదర్ పీత సాలీళ్ల మీద 1980లో వెలువరించిన సంపుటం, 1987లో తెచ్చిన భారతీయ సాలీళ్ల చేతిపుస్తకం తరువాతి తరానికి దారి చూపాయి.

చివరి మెట్టు పేరు పెట్టి ప్రచురించడం. వర్ణనకు ఆధారమైన ఒక నమూనాను హోలోటైప్‌గా ప్రకటిస్తారు. ఆ పేరుకు శాశ్వత సాక్షి అదే. తరువాతి కాలంలో ఎవరికి సందేహం వచ్చినా మళ్లీ ఆ సీసా దగ్గరికే రావాలి. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం మన దేశంలో కొత్త జాతిని కనుగొన్నవారు ఆ సంగతిని ప్రభుత్వం గుర్తించిన భాండాగారానికి తెలియజేసి, నమూనాలను అక్కడ అప్పగించాలి. జంతువుల పేర్లకు లెక్క 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ పుస్తకంతో మొదలవుతుంది. అందులో సాలీళ్లకు మాత్రం ఒక మినహాయింపు ఉంది. స్వీడన్‌కే చెందిన కార్ల్ క్లెర్క్ 1757లో సాలీళ్ల మీద రాసిన పుస్తకంలోని పేర్లను అంతర్జాతీయ నియమావళి ప్రత్యేకంగా అంగీకరించింది.

వర్ణన అచ్చయినంతలో కథ ముగిసిపోదు. కొత్త నమూనాలు దొరికేకొద్దీ ఒక జాతిని రెండుగా విడదీయవచ్చు, రెండింటిని ఒకటిగా కలపవచ్చు. ఈ దిద్దుబాటుకు ఎప్పుడూ తలుపు తెరిచి ఉండటమే ఈ శాస్త్రం బలం.

అడవి, నేల

నంద్యాల నుంచి గిద్దలూరుకు వచ్చే ఘాట్ దారి గాజులపల్లె, పచ్చర్ల, దిగువమెట్టల మీదుగా నల్లమలను దాటుతుంది. ఇంచుమించు అదే సందులోంచి రైలు దారి కూడా వెళుతుంది. ఇది ఆకురాల్చే పొడి అడవి. టేకు, నల్లమద్ది, ఏగిస, చిరుమాను, బిల్లుడు, తునికి, సండ్ర ఇక్కడి చెట్లు. నైరుతి వానలకు పచ్చబడి, మాఘ ఫాల్గుణాలకు ఆకు రాల్చి, ఎండాకాలంలో నిప్పు భయంతో బతుకుతాయి. మార్కాపురం, కంభం సీమలకు నీరిచ్చే గుండ్లకమ్మ పుట్టేది ఈ కొండల్లోనే. కంభం చెరువు నిండేది ఆ ఏటి నీటితోనే.

1990లో ఏర్పాటు చేసిన గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవిలో సుమారు 1,194 చదరపు కిలోమీటర్ల మేర ఉంది. ఉత్తరాన నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యానికీ, దక్షిణాన కడప వైపు లంకమల అడవులకూ నడుమ పులి నడిచే దారి ఇది. పులి కోసం కాపాడిన నీడలోనే సాలీడుకూ చోటు దొరికింది. తేనె కోసం చెట్ల తొర్రలను వెతికే చెంచులు తరతరాలుగా తిరిగిన అడవి కూడా ఇదే.

ముదిరిన చెట్టు సాలీడుకు ఒక ఊరితో సమానం. కొమ్మ విరిగిన చోట ఏళ్ల తరబడి తొర్ర ఏర్పడుతుంది, బెరడు వదులై నెర్రెలిస్తుంది. ఎండాకాలపు వేడిలో కూడా ఆ లోపల కాస్త చల్లదనం, తేమ నిలుస్తాయి. పదేళ్ల మొక్కకు ఈ తొర్రలు ఉండవు. అందుకే నరికిన అడవి స్థానంలో మొక్కలు నాటితే పచ్చదనం తిరిగి వస్తుంది కానీ తొర్ర సాలీడుకు ఇల్లు రాదు.

గుత్తి నీలి సాలీడు

బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసిన రెజినాల్డ్ ఇన్నిస్ పోకాక్ 1899లో ఈ సాలీడుకు పోసిలోథేరియా మెటాలికా అని పేరు పెట్టారు. పోసిలోథేరియా అనే ప్రజాతి పేరు 1885లో సిమోన్ అనే శాస్త్రవేత్త పెట్టింది. గ్రీకు భాషలో దానికి చిత్రవర్ణపు మృగం అని అర్థం. లోహపు మెరుపు ఉంది కాబట్టి మెటాలికా అయింది. పోకాక్ చేతికి అందింది ఒకే ఒక్క ఆడ సాలీడు. అది గుత్తిలో, రైల్వే వారి కలప నిల్వ చేసిన చోట దొరికింది. చీటీ మీద గుత్తి అని రాశారు. అప్పటి నుంచి దాని ఊరు గుత్తి అయింది, ఇంగ్లీషు వాడుక పేర్లలో కూడా గుత్తే నిలిచింది.

గుత్తి కొండ, కోట ఉన్న పొడి నేల. తొర్రలున్న మహావృక్షాల అడవి అక్కడ లేదు. అయినా చీటీ మీది ఊరు అదే కాబట్టి ఆ సాలీడుకు వేరే ఊరు తెలియకుండా పోయింది. ఒక శతాబ్దం పాటు దానికి పేరు ఉంది, లండన్‌లో ఒక సీసా ఉంది, బతికి ఉన్న చోటు మాత్రం లేదు. 2001లో, అంటే వర్ణించిన 102 ఏళ్ల తరువాత, గుత్తికి సుమారు 100 కిలోమీటర్ల దూరంలో నంద్యాల, గిద్దలూరుల మధ్య రిజర్వు అడవిలో అది సజీవంగా కనిపించింది.

అడవి నుంచి గుత్తికి అంత దూరం అది ఎలా వెళ్లింది? 19వ శతాబ్దం చివరికల్లా గుంతకల్లు నుంచి నంద్యాల, గిద్దలూరు, మార్కాపురం మీదుగా బెజవాడ వైపు మీటర్ గేజ్ రైలు దారి పడింది. రైలుకు పట్టాల కింద దుంగలు కావాలి, వంతెనలకు దూలాలు కావాలి. నల్లమల కలప బండ్లెక్కి దిగువకు వెళ్లేది. తొర్రలో దాగిన సాలీడు ఆ మానుతో పాటే రైలెక్కి, గుంతకల్లుకు దగ్గరలోని గుత్తి కలప అడితిలో దిగి ఉండాలన్నది పరిశోధకులు అంగీకరించిన వివరణ. చెట్టు కూలినందువల్ల ఇల్లు పోగొట్టుకున్న ఒక ప్రాణి శాస్త్రానికి మొదటి నమూనా అయింది. నరికివేత చేతనే అది కనుగొనబడిందన్న సంగతిని ఈ చరిత్ర చదివేవారు మరచిపోకూడదు.

ఇలా పోయిందనుకున్నది మళ్లీ కనిపించడం ఈ కొండలకు కొత్త కాదు. 19వ శతాబ్దం మధ్యలో జెర్డాన్ అనే ప్రకృతి శాస్త్రవేత్త కనుగొని, 1900 తరువాత ఎవరికీ కనిపించని కలివికోడి అనే పక్షి 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర దొరికింది. శాస్త్రవేత్తలు దాన్ని వెతుకుతున్నంతకాలం ఆ పొదల్లో తిరిగే పల్లెజనానికి దాని పేరు తెలుసు.

*రూపం.* కాళ్లు చాచితే 15 నుంచి 20 సెంటీమీటర్ల వరకు ఉండే పెద్ద సాలీడు ఇది. ఒళ్లంతా, కాళ్లంతా మెరిసే నీలం. దాని మీద తెలుపు, బూడిద రంగు చారలు ఆకు ఈనెల్లా కొమ్మలు వేసుకుని ఉంటాయి. ముందు కాళ్ల అడుగున పసుపు పచ్చని మచ్చలుంటాయి. శత్రువు ఎదురైతే కాళ్లెత్తి ఆ పసుపును చూపుతుంది. పిల్లలు అంత నీలంగా ఉండవు, కుబుసం విడిచేకొద్దీ రంగు దిద్దుకుంటుంది.

*నీలం ఎక్కడిది?* ఇది రంగు పదార్థం వల్ల వచ్చిన నీలం కాదు. వెంట్రుకల లోపల అతి సన్నని పొరలు నీలి కాంతిని మాత్రమే వెనక్కి పంపేలా అమరి ఉంటాయి. నెమలి పింఛం రంగుకూ ఇలాంటి నిర్మాణమే కారణం. ఇంగ్లీషు వాడుకలో దీన్ని నెమలి టరాంటులా అనడం ఈ రంగు వల్లే. 2015లో అమెరికా పరిశోధకులు అనేక టరాంటులాల నీలాన్ని పోల్చి చూశారు. పొరల అమరిక జాతికొక తీరుగా ఉన్నా, వెనక్కి వచ్చే నీలం మాత్రం దాదాపు ఒకటే, సుమారు 450 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గరిది. ఆ రంగు టరాంటులాలలో కనీసం ఎనిమిది సార్లు విడివిడిగా పుట్టిందని వారు చెప్పారు. 2020లో మరో బృందం నీలం వాటి పూర్వీకులలోనే ఉండి కొన్ని శాఖల్లో పోయిందని వాదించింది. టరాంటులాలకు రంగులను గుర్తించగల కంటి ప్రోటీన్లు ఉన్నాయని కూడా ఆ బృందం చూపింది. చీకటి తొర్రలో బతికే ప్రాణికి అంత అందమైన నీలం దేనికన్నది నేటికీ చర్చే.

*జీవనం.* ఇది నేల బొరియల్లో ఉండదు. చెట్టు తొర్రలో, బెరడు వెనక గరాటులా గూడు అల్లుకుని, చీకటి పడ్డాక గుమ్మం దగ్గరికి వచ్చి ఎగిరే పురుగులను పడుతుంది. తొర్రలు తక్కువైన చోట ఒకే తొర్రలో ఒకటి కంటే ఎక్కువ సాలీళ్లు సర్దుకుంటాయి. ఆడది 11, 12 ఏళ్లు బతుకుతుంది, మగది 3, 4 ఏళ్లే. అమెరికా ఖండపు టరాంటులాల్లా ఇది దురద వెంట్రుకలు విసరలేదు. వేగంగా పరుగెత్తి దాక్కోవడమే దీని మొదటి రక్షణ. తప్పనిసరైతే కరుస్తుంది. ఆ విషం తీవ్రమైన నొప్పిని, కండరాల పట్టివేతను కలిగిస్తుంది, కానీ దీని కాటుకు మనిషి చనిపోయిన దాఖలా లేదు.

*వ్యాప్తి.* పోసిలోథేరియా ప్రజాతి మొత్తం భారతదేశం, శ్రీలంకలకే పరిమితం. ఇందులో సుమారు 15 జాతులున్నాయి. వాటిలో మెటాలికా ఉనికి చాలాకాలం పాటు నల్లమలలోని 100 చదరపు కిలోమీటర్ల కంటే తక్కువ మేరలోనే తెలుసు. ఇటీవల తమిళనాడులో జింజి దగ్గరి పక్కమలై అడవిలో కూడా ఇది కనిపించింది.

2006 నాటి వర్ణనలు

శ్రీశైలం అటవీ జీవవైవిధ్య పరిశోధన కేంద్రంతో కలిసి నడిచిన సర్వేలు నల్లమల సాలీళ్ల అధ్యయనాన్ని మలుపు తిప్పాయి. కె. తులసీరావు, డి. బి. బస్తవాడే, ఎస్. ఎం. మక్సూద్ జావేద్, ఐ. శివరామకృష్ణ 2005లో నల్లమల అరాక్నిడ్ల జాబితాను ప్రచురించారు. మరుసటి ఏడు భారత జంతుశాస్త్ర సర్వేక్షణ పత్రికలో రెండు జాతులను వర్ణించారు. పేర్ల చివర ఉన్న ఎన్సిస్ అనే లాటిన్ ప్రత్యయానికి ఫలానా చోటికి చెందినది అని అర్థం. నల్లమలైఎన్సిస్ అంటే నల్లమలది, శ్రీశైలమెన్సిస్ అంటే శ్రీశైలానిది. పోకాక్ కాలంలో సాలీడు తన మెరుపును బట్టి పేరు తెచ్చుకుంటే, వందేళ్ల తరువాత ఈ మట్టిలో తిరిగినవాళ్లు పేరులోనే ఊరిని నిలిపారు.

వీటిలో చిన్నదైన ట్మారస్ శ్రీశైలమెన్సిస్ థోమిసిడే అనే పీత సాలీళ్ల కుటుంబానిది. ముందు రెండు జతల కాళ్లు వెనకవాటి కంటే పొడవు, పీతలా పక్కకు నడవగలవు కాబట్టి ఆ పేరు వచ్చింది. ట్మారస్ ప్రజాతి సాలీళ్లు లోకమంతటా 200కు పైగా జాతులుగా ఉన్నాయి. ఇవి కొన్ని మిల్లీమీటర్ల ప్రాణులు. గూడు కట్టి కాచుకోవు. ఎండు పుల్ల మీద పొట్ట ఆనించి, పొడవైన ముందు కాళ్లను పుల్ల వెంట చాచి కదలకుండా ఉండిపోతాయి. పొట్ట చివర చిన్న బొడిపె ఉండటంతో చూసేవారికి అది చిగురు రాలిన కణుపులా కనిపిస్తుంది. చీమలాంటి పురుగు చేరువగా వస్తే ఒక్కసారిగా అందుకుంటాయి. అడవిలో నడిచేవారు ఇలాంటి పుల్లలను వందల సార్లు దాటి ఉంటారు. దాన్ని సాలీడుగా గుర్తుపట్టడానికి తెల్లగుడ్డ, కర్ర, ఓపిక కావాలి. నీలి టరాంటులా ఒకసారి కనిపిస్తే కన్ను వదలదు, ట్మారస్‌ను కన్నే వెతుక్కుంటూ వెళ్లాలి. అడవి సంపదలో ఎక్కువ భాగం ఇలా కనిపించకుండా ఉండేదే.

మెట్ట పొలాల్లో, ముళ్లపొదల్లో

నల్లమల తూర్పు అంచు దాటితే నేల మారుతుంది. కనిగిరి, పామూరు వైపు వెలిగొండల నీడలో వానలు తక్కువ. రాతిగుట్టలు, తుమ్మలు, రేగుపొదలు, కంది, మిరప చేలు. పెద్ద తొర్రల సాలీళ్లకు ఇక్కడ చోటు లేదు. ఆ లోటును వేరే సాలీళ్లు నింపుతాయి.

పొడి నేలల ముళ్లకంపల మీద, కంచెల మీద బూడిద రంగు దారాల ముద్దల్లా కనిపించే గూళ్లు స్టెగోడైఫస్ సారసినోరమ్ అనే సంఘజీవి సాలీడువి. సాలీళ్లు ఒంటరి ప్రాణులు, ఒకదాన్ని ఒకటి తినడానికి వెనుకాడవు. ఇవి మాత్రం ఒకే గూటిలో కలిసి ఉండి, కలిసి వేటాడి, కలిసి తింటాయి. గూటిలో ఎక్కువ భాగం ఆడవే. తల్లులు తిన్నదాన్ని కక్కి పిల్లలకు పెడతాయి, చివరకు తమ ఒంటినే ఆహారంగా ఇస్తాయి. చిత్తూరు జిల్లా కుప్పం చుట్టుపక్కల గూళ్ల మీద యూరప్ పరిశోధకులు చేసిన అధ్యయనాలు ఈ జాతిని ప్రపంచానికి బాగా పరిచయం చేశాయి.

మిరప, పత్తి, కంది చేలలో ముళ్ల కాళ్ల లింక్స్ సాలీళ్లు గూడు లేకుండా కొమ్మ కొమ్మకూ దూకుతూ పురుగులను పడతాయి. తోడేలు సాలీళ్లు నేల మీద పరుగెత్తి వేటాడతాయి. ఆడ తోడేలు సాలీడు గుడ్ల సంచిని పొట్ట చివర అతికించుకుని తిరుగుతుంది, పిల్లలు బయటికి వచ్చాక వాటిని వీపు మీద మోస్తుంది. శీతాకాలపు పొద్దున గట్ల మీది గడ్డిలో మంచుతో తడిసి మెరిసే గరాటు గూళ్లు హిప్పాసా అనే సాలీళ్లవి. పొదల మధ్య గుండ్రని గూటి నడుమ గుణకారపు గుర్తులా తెల్లని కుట్టు వేసుకుని కూర్చునేది ఆర్జియోప్. ఇవన్నీ రైతు పిలవకుండా వచ్చిన కాపలాదారులు. పురుగుమందు విచక్షణ లేకుండా చల్లితే పురుగు కంటే ముందు ఇవే పోతాయి. పురుగు నెమ్మదిగా తిరిగి వస్తుంది, కాపలా మాత్రం తిరిగి రావడానికి చాలాకాలం పడుతుంది.

ముప్పు, రక్షణ

అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సమాఖ్య 2008లో పోసిలోథేరియా మెటాలికాను తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించింది. దీనికి రెండు కారణాలు చెప్పింది. ఒకటి, కలప కోసం, వంటచెరకు కోసం చెట్లు నరకడం వల్ల తొర్రలున్న ముదురు మానులు తగ్గిపోవడం. రెండు, పెంపుడు ప్రాణుల వ్యాపారం. నీలం రంగు మీద మోజుతో ఐరోపా, అమెరికాలలో ఈ సాలీడుకు కొనుగోలుదారులున్నారు. ఇప్పుడు అక్కడ పెంపకంలోనే పిల్లలు పుడుతున్నా, అడవి నుంచి తీసుకుపోయే ఆశ తీరలేదు. ఆడది ఎదగడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి ఒక తొర్రను ఖాళీ చేస్తే ఆ వంశం అంత తేలికగా కోలుకోదు.

2019లో జెనీవాలో, వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం కింద జరిగిన సమావేశం పోసిలోథేరియా ప్రజాతి మొత్తాన్ని రెండో అనుబంధంలో చేర్చింది. అంటే దేశాల మధ్య వీటి వ్యాపారానికి అనుమతి పత్రాలు ఉండాలి. 2022లో సవరించిన మన వన్యప్రాణి సంరక్షణ చట్టం సైటీస్ జాబితాలోని జీవుల నియంత్రణకు ప్రత్యేక అధ్యాయం చేర్చింది.

కొత్త జాతుల స్థలాన్ని వెల్లడించడంలో ఇప్పుడు పరిశోధకులు జాగ్రత్త పడుతున్నారు. ఒకప్పుడు చీటీ మీది ఊరు అసలు ఊరు కాకపోవడం నష్టం చేసింది. నేడు ఖచ్చితమైన చోటు అందరికీ తెలిస్తే వేటగాడికి దారి చూపినట్టవుతుంది. అందుకే నమూనాతో పాటు భాండాగారంలో పూర్తి వివరం భద్రపరిచి, బయటి ప్రచురణలో చోటును విశాలంగా చెప్పే పద్ధతి వ్యాపారపు ముప్పు ఉన్న జీవుల విషయంలో పెరుగుతోంది.

నల్లమల నేర్పేది

నమూనా సీసాలో వందేళ్లు చెడకుండా ఉంటుంది. ఊరు అలా ఉండదు. గుత్తి దాని అసలు ఊరు కాదని తెలుసుకుని దిద్దుకోవడం సాధ్యమైంది, ఎందుకంటే దిద్దుకునే నాటికి గిద్దలూరు అడవి ఇంకా నిలిచి ఉంది. అది 2001 కంటే ముందే కూలిపోయి ఉంటే పోసిలోథేరియా మెటాలికా ఎప్పటికీ గుత్తి సాలీడుగానే మిగిలిపోయేది, తప్పును తప్పని చెప్పడానికి బతికున్న సాక్షి ఉండేది కాదు. ట్మారస్ శ్రీశైలమెన్సిస్ పేరులో ఊరు సరిగ్గా ఉంది. ఆ పేరు నిజంగా నిలవాలంటే దాని పుల్లలు కూడా నిలవాలి.

ఈ పనిలో గిద్దలూరు, మార్కాపురం, కనిగిరి ప్రాంతాల పాఠశాలలకూ కళాశాలలకూ చోటుంది. సాలీడును పట్టి చంపనక్కరలేదు. ఫోటో తీసి, తేదీ, ఊరు, ఏ చెట్టు మీద కనిపించిందో పక్కన రాసి ఉంచితే చాలు. అలాంటి ఒక నోటుపుస్తకం పోకాక్ చేతికి అందిన చీటీ కంటే మెరుగైన చీటీ అవుతుంది. దిగువమెట్ట మలుపుల్లో బస్సు దిగి తొర్ర ఉన్న ఒక పాత మద్దిమానును చూసినవారు, అందులో ఏముందో చేయి పెట్టకుండానే, ఆ మాను నిలిచి ఉండటం ఎంత అవసరమో గుర్తించగలరు.